తిడితే తిరిగే ఫ్యాను

షాజాదీ మేస్త్రీని పిలిపించి గది గడప పీకిస్తుంటే, మా అక్క కరీమున్ వాకిట్లో నిలబడి ఇంట్లోంచి ఎవరినో సాగనంపుతున్నట్టు చూసింది.

"గడప లేకపోతే అది ఇల్లేంటే?" అంది.

"చక్రాల కుర్చీ గడప దాటదమ్మా."

"గొడ్లపాకకి గడప ఉండదక్కా," అన్నాను నేను. "నీ మొగుడు ఇన్నాళ్ళకి సరైన చోటికి చేరాడు."

అక్క చేతిలో చేట నా మీదికి విసిరింది. మంచం మీంచి మా బావ నాగూర్‌వలి ఏదో అన్నాడు. ఏమన్నాడో అల్లాకే తెలియాలి. మూతి వంకర, చొంగ దిండు మీద. కానీ చూపు మాత్రం నన్ను నరికేట్టే ఉంది. నాకు కావలసింది అదే.

ఆ ఏడు, అంటే 2006లో, మిరప రెండో కోతకొచ్చే వేళకి బావకి పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడం చెయ్యి చిన్నతనంలోనే పోలియోకి ఎండిపోయి చొక్కా చేతిలో ఊగుతూ ఉండేది. బతుకంతా ఆ ఒక్క కుడి చేత్తోనే దున్నాడు, మందు కొట్టాడు, బస్తాలు కుట్టాడు, నన్ను కొట్టాడు. ఇప్పుడు అదీ పోయింది. దాంతోపాటు మాటా పోయింది.

మనిషి పడిపోయాడని పంట ఆగదు కదా. చేలో కాయ ఎర్రగా పండిపోతోంది. అక్క కూలీలని పిలుచుకుని చేలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా బావ మొహం మీద పడుతోంది. ఎంతసేపటి నుంచి పడుతోందో. మొహం పక్కకి తిప్పుకోలేడు, కేకెయ్యలేడు. ఒక చెంప కమిలిపోయింది. కంటి మూల ఈగలు. అక్క ఆ తర్వాత చేలోకి పోనని కూర్చుంది.

మా చేను పక్కన చేను జయరావు గారిది. ఆయన చెడ్డవాడేం కాదు. వచ్చి పరామర్శించి, పోతూ పోతూ వాకిట్లో ఆగాడు.

"చేను నాకు కౌలుకిచ్చెయ్యమ్మా కరీమున్నా. నువ్వు మనిషిని చూసుకుంటావా, మిరపని చూసుకుంటావా?"

"ఉగాదికి చెప్తానండి," అంది అక్క.

మా వైపు కౌళ్ళు ఉగాదికే తేల్చుకుంటారు. ఆ రోజు లోపల బావని పగటి పూట ఒంటరిగా వదిలే దారి దొరికితే చేను మాది. లేకపోతే జయరావుది. ఒకసారి కౌలుకిచ్చాక అక్క మళ్ళీ ఆ గట్టు తొక్కేది అనుమానమేనని మా అందరికీ తెలుసు.

నువ్వెందుకు కూర్చోలేదురా అని మీరు అడగొచ్చు. నేను సత్తెనపల్లిలో పరుపులు కుట్టేవాణ్ణి. అది పెళ్ళిళ్ళ కాలం. రోజూ మధ్యాహ్నం ఏదో వంక పెట్టుకుని ఆటో ఎక్కి వచ్చేవాణ్ణే, కానీ పొద్దస్తమానం బావ మొహం చూస్తూ కూర్చుంటే నా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

షాజాదీ మా అక్క కూతురు. గుంటూరులో పాలిటెక్నిక్ ఆఖరు సంవత్సరం, ఉగాది దాటితే పరీక్షలకి మళ్ళీ పోవాలి. ప్రాజెక్టు ఏదో ఒకటి చెయ్యాలి కదా, వాళ్ళ నాన్న గదే చేస్తానంది. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెట్టింది. అందులో 'అడాప్టివ్' అనే మాట ఉంది. అంటే ఏందే అనడిగాను.

"మనిషిని బట్టి తనే మారే గది, మావయ్యా."

"మీ అమ్మని బట్టి మీ నాన్న మారినట్టా?"

"నువ్వు పో మావయ్యా!"

ముందు మంచం చివర ఎడం కాలి దగ్గర ఒక బెల్లు పెట్టింది. బాగున్న కాలు అదొక్కటే కదా. బెల్లు నొక్కితే అమ్మ వస్తుందని రెండు మూడు సార్లు చూపించింది. బావ ఆ కాలు ముడుచుకున్నాడు. ఎంత చెప్పినా చాపడు. పిల్ల బతిమాలింది, చివరికి కేకలేసింది. బావ గోడ వైపు చూస్తూ పడుకున్నాడు.

"తీసెయ్యవే," అంది అక్క. "నన్ను కాలితో పిలవడాయన."

ఆ మాటతో బెల్లు పోయింది, పెట్టె వచ్చింది.

బ్రాడీపేటలో షాపులన్నీ తిరిగి సామాన్లు తెచ్చింది. టిఫిన్ క్యారియరంత పెట్టె, దానికి ఒక ఎర్ర లైటు, ఒక పచ్చ లైటు. మంచం పక్కన నోటికి దగ్గరగా వేలాడే మైకు. కిటికీ రెక్కకి పాత లారీ వైపర్ మోటారు బిగించింది. ఒక పాత సెల్‌ఫోను విప్పి దాని పేగులన్నీ బయటికి లాగి పెట్టెకి కలిపింది. ఒక మాటంటే ఫ్యాను తిరగాలి, ఇంకో మాటంటే కిటికీ మూసుకోవాలి, మూడో మాటంటే చేలో ఉన్న అక్క ఫోనుకి మిస్డ్ కాల్ పోవాలి. అదీ లెక్క.

"దీనికి తెలుగొచ్చా?" అన్నాను.

"తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. నాన్న గొంతు ఎట్టా పలికిందో అట్టాగే గుర్తుపెట్టుకునిద్ది. మళ్ళీ అచ్చం అట్టాగే వినపడితే పచ్చలైటు వెలిగి పని చేసిద్ది. తేడా వస్తే ఎర్రలైటు."

"మా అమ్మ మేక నయం గదే. ఎవరెట్టా పిలిచినా వచ్చేది."

పిల్ల నవ్వలేదు. మైకు సర్ది, బటన్ మీద వేలు పెట్టి, "నాన్నా, ఫ్యాను అను," అంది.

"పా," అన్నాడు బావ.

"ఇంకోసారి. అట్టాగే."

"ఆంబ."

ఎర్రలైటు.

"ఫ్యాను, నాన్నా. ఫ్యా..."

"కూ."

బావ కళ్ళు పైన ఫ్యాను మీదే ఉన్నాయి. అదేమిటో ఆయనకి తెలుసు, దాని పేరూ తెలుసు. గొంతులోంచి బయల్దేరిన మాట నోటి దగ్గరికొచ్చేసరికి వేరే ఏదో అయిపోతోంది. నుదురు చెమట పట్టింది. పోనీ గాలి అనమంది పిల్ల. 'లా' అన్నాడొకసారి, 'గూ' అన్నాడొకసారి. పొద్దు వాలేదాకా అదే తంతు. ఒక్క మాట రెండుసార్లు ఒక్కలా రాలేదు.

"వదిలెయ్యవే ఇంక," అంది అక్క గుమ్మంలోంచి. "ఆయన ఏడుస్తున్నాడు."

"ఏడుపా, బొందా. వాకిట్లో పోశావు గదక్కా మిరపకాయలు, ఘాటు," అన్నాను నేను, తువ్వాలు తీసి బావ కళ్ళు తుడుస్తూ. నా కళ్ళక్కూడా ఆ ఘాటే కొట్టింది.

వారం తిరిగేలోపల పిల్ల ఒక కిటుకు కనిపెట్టింది. 'ఊ' అనడం బావకి ఎప్పుడూ ఒక్కలాగే వస్తోంది. అక్కకి మిస్డ్ కాల్ పోవడానికి దాన్నే పెట్టింది. అక్క బిస్మిల్లా అనుకుని చేలోకి వెళ్ళింది.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి చెప్పుల్లేకుండా, కొంగు జారిపోయి, రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. గదిలో బావ హాయిగా గురకపెడుతున్నాడు. నేను పక్కన కూర్చుని బఠాణీలు తింటున్నాను.

"ఏమైందిరా ఆయనకి?"

"ఏమవుద్ది? నిద్రపోతున్నాడు."

అప్పుడే వీధిలో సైకిలు మీద ఉప్పమ్మేవాడు రెండో చుట్టు వస్తూ, "ఉప్పూ... ఊఊఊ..." అని సాగదీశాడు. పచ్చలైటు వెలిగింది. అక్క నడుం దగ్గర ఫోను కిర్రుమంది.

అక్క పెట్టె వంక చూసింది. వంటింట్లోంచి వచ్చిన కూతురి వంక చూసింది.

"ఉప్పు కొనుక్కోవటానికి పిలిచిందంటే నీ పెట్టె."

"గొంతు తేడా పట్టుకోలేకపోయిందమ్మా, సరిచేస్తాను..."

మర్నాడు గేదె అరుపుకి పిలిచింది. ఆ తర్వాత లారీ హారనుకి. మూడోసారి పరిగెత్తుకొచ్చినప్పుడు అక్క అరికాల్లో కంప ముల్లు దిగి ఉంది. గుమ్మంలో చతికిలబడి అది పీక్కుంటూ, అరవకుండా, మామూలు గొంతుతో అంది: "ఈ పరుగు నా వల్ల కాదే తల్లీ. ఉగాదికి జయరావు వస్తాడు. ఇచ్చేద్దాం."

షాజాదీ 'ఊ'ని పెట్టెలోంచి తీసేసింది. మనిషిని బట్టి గది మారడం ఏమో గానీ, ఆ గది కోసం ఇంటిల్లిపాదీ మారిపోతున్నాం. అప్పటికే వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కూడా మానేశాం, విజిలేస్తే అక్కకి ఫోను పోతుందని.

బావ పడ్డప్పటి నుంచి ఊరంతా ఆయనతో పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. "ఏం నాగూరూ, బువ్వ తిన్నావా?" అంటూ. అట్టాంటి మాట విన్నప్పుడల్లా బావ కళ్ళు మూసుకునేవాడు. నేనొక్కణ్ణే ఎప్పట్లా ఉన్నాను. నాకు వేరేలా ఉండటం చేతకాదు. మాస్టారి కుర్చీకి దూలగొండి రాసి అయిదో తరగతిలోనే బళ్ళోంచి బయటికొచ్చినవాణ్ణి.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, "బావా, చేను జయరావుకిస్తే మిరప పీకేసి పత్తి పెడతాడంట," అన్నాను. "నాకు మంచిదే. పరుపులకి దూది చవగ్గా వచ్చిద్ది."

బావ నావైపు చూశాడు.

"ఆ మీసం గూడా ఇచ్చెయ్. మంచం మీద పడుకునేవాడికి మీసం దేనికి? దిండులో కుక్కుతా, మెత్తగా ఉండిద్ది."

సంచీలోంచి పరుపుల గుడ్డ కత్తిరించే కత్తెర తీశాను. బారెడు కత్తెర అది. బావ ముక్కు కింద పెట్టి గాల్లో కచక్‌మనిపించాను.

"ఈదుమ్మతె!"

గది అదిరింది. నీ దుంప తెగ అన్నమాట. నాకు తెలుగు అర్థం కావడానికి అక్షరాలన్నీ అక్కర్లేదు, ఆ తిట్టు నేను నలభై ఏళ్ళుగా తింటున్నదే.

గుమ్మంలో షాజాదీ నిలబడి ఉంది. చేతిలో బట్టల బకెట్టు.

"మావయ్యా, మళ్ళీ తిట్టించు."

"ఎంత భాగ్యమే!" కచక్.

"ఈదుమ్మతె!"

అచ్చం అదే. అదే సాగదీత, అదే విరుపు. పిల్ల బకెట్టు వదిలేసి పెట్టె మీదికి దూకింది. బటన్ నొక్కి, "ఇంకోసారి, మావయ్యా, ఇంకోసారి," అంటోంది. కచక్. "ఈదుమ్మతె!" పచ్చలైటు. పైన ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది.

బావ నోరు తెరిచి ఫ్యాను వంక చూశాడు. కత్తెర నా చేతిలో అట్టాగే ఉండిపోయింది.

అడిగి పలికించబోతే రాని మాట, ఒళ్ళు మండితే దానంతటదే వస్తోంది. డాక్టరుగారు కూడా తర్వాత అదే చెప్పాడు, ఇట్టాంటివాళ్ళకి తిట్లు చెక్కుచెదరకుండా మిగులుతాయని. సరే, మిగిలిన వాటితోనే పని మొదలుపెట్టాం. 'ఎదవ' అనబోతే 'యెవ' అని వచ్చేది, అది కిటికీకి. 'దొంగ సచ్చినోడా' కాస్తా 'ఒంసచ్చో' అయ్యేది, అది అక్క ఫోనుకి. చిక్కల్లా ఒక్కటే. కోపం రావాలంటే నేను ఎదురుగా ఉండాలి. షాజాదీ మా ఇంటికెళ్ళి, నా పెళ్ళినాటి ఫోటో అడిగి తెచ్చి, మంచానికి ఎదురుగా గోడకి కొట్టింది. ఆ ఫోటోలో నేను నవ్వుతూ ఉంటాను. అదొక్కటి చాలు బావకి.

"నన్ను పిలవటానికి ఆ మాటా?" అని అక్క బుగ్గలు నొక్కుకుంది.

"నిన్ను కాదమ్మా. మావయ్యని తిడతాడు, నీకు ఫోనొచ్చిద్ది."

ఈసారి ఉప్పువాడు అరిచినా, గేదె అరిచినా పెట్టె పలకలేదు. అట్టా తిట్టగలిగేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు మరి. అక్క చేలోకి వెళ్ళింది. నడుం దగ్గర ఫోను ఒక్కసారి కిర్రుమంటే కూలీ ఆడవాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు: "అదిగో, తిట్టొచ్చింది కరీమున్నా, పో పో!" అక్క నవ్వుకుంటూ ఇంటికొచ్చి, నీళ్ళు తాగించి, పక్క సర్ది, మళ్ళీ వెళ్ళేది. ఎండ మొహం మీదికొచ్చే వేళకి ఒక్క 'యెవ'తో కిటికీ మూసుకునేది. బావ పొద్దున లేచింది మొదలు మా ఫోటో వంక చూసి తిట్టడమే పని. ఫ్యాను వేసేవాడు, ఆపేవాడు, మళ్ళీ వేసేవాడు. పడ్డాక ఆయన మాట విన్నది ఆ గదొక్కటే. మసీదుకి వెళ్ళే పెద్దమనుషులు మా వీధి వదిలేసి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు.

కల్లంలో కాయ ఎండి గలగలమంటోంది. ఇక చేను మాదేననుకున్నాం.

ఉగాది ఇంకా కొద్దిరోజులుందనగా ఫ్యాను మొండికేసింది. బావ తిట్టాడు, ఎర్రలైటు. మళ్ళీ తిట్టాడు, మళ్ళీ ఎర్రలైటు. మొదట్లో పొద్దుటి పూటే అలా చేసేది, పోను పోను రోజంతా అదే వరస. తర్వాత కిటికీ. ఆఖరికి ఫోనూ పలకలేదు. షాజాదీ మైకు మార్చింది. వైర్లన్నీ పీకి మళ్ళీ అతికింది. వోల్టేజి తక్కువంది, దుమ్ము పట్టిందంది, మిరప ఘాటుకి చిప్పు పాడైందేమో అంది. గుంటూరు వెళ్ళి కొత్త చిప్పు తెచ్చి, పాత గుర్తులన్నీ దాంట్లోకి ఎక్కించింది. ఎర్రలైటే. కళ్ళ కింద నల్లటి చారలొచ్చాయి దానికి.

"నేర్పిన మాటే గదా అంటున్నాడు! అదే మాట! ఎందుకు వినదు?" అని పెట్టెని అరచేత్తో బాదింది.

"దాని చెవిలో గుబిలి తియ్యవే," అన్నాను.

"మావయ్యా, దండం పెడతా, నువ్వు మాట్లాడొద్దు."

 నా హాస్యాలు నాకే చేదుగా ఉన్నాయి. అక్క కోత సగంలో ఆపి మళ్ళీ గదిలో వచ్చి కూర్చుంది. బావ చెమటలు కక్కుతూ తిడుతూనే ఉన్నాడు, ఇప్పుడు నన్ను కాదు, పెట్టెని.

ఉగాది రోజు జయరావు గారు తెల్ల చొక్కా వేసుకుని, చిన్న స్టీలు గిన్నెలో పచ్చడి పట్టుకుని వచ్చాడు. గదిలోకి రాగానే స్టూలు వేశాను. ఆయన ఈ గది గుమ్మం చూసి నెల దాటింది.

"కూర్చోండి," అంది అక్క. "ఒక్కసారి చూసి చెప్తాను." అని బావ వైపు తిరిగింది. "అనవయ్యా."

షాజాదీ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బావ మైకు వైపు చూసి గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

"నీ దుంప తెగ!"

ఎర్రలైటు.

"నీ దుంప తెగ! నీ దుంప తెగ!"

ఫ్యాను కదల్లేదు. గదిలో గాలి ముద్దకట్టినట్టుంది. అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుని, ఇక లాభం లేదన్నట్టు జయరావు గారి వైపు తిరిగింది.

ఆయన పెట్టెని చూస్తున్నాడు. "ఎందుకమ్మా పనిచెయ్యటం లేదు? మనిషి శుభ్రంగానే అన్నాడు గదా."

"ఏమన్నారండీ?" అంది షాజాదీ.

"శుభ్రంగా అన్నాడంటున్నా. నీ దుంప తెగ అని. నేను మొన్నొచ్చినప్పుడు గొర్రె అరిచినట్టు ఉండె ఈయన మాట."

షాజాదీ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టింది. నేను బావ మూతి వంక చూశాను. రోజూ చూస్తున్న మూతే. ఎప్పుడు తిన్నగా అయిందో ఎవరు చూశారు? రోజంతా అదే తిట్టు వింటూ, ఒక్కో అక్షరం ఎప్పుడొచ్చి చేరిందో ఎవరూ వినిపించుకోలేదు. పెట్టె ఒక్కటే విన్నట్టుంది. తనకి నేర్పిన మనిషి ఈయన కాదని రోజూ ఎర్రలైటు వేసి చెబుతూనే ఉంది.

 జయరావు గారు స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏమైనా గానీ నాగూరూ, కాయితాలూ గీయితాలూ మనకెప్పుడూ లేవు. చేను నీది. నోటిమాట నీదే. ఇస్తానంటే తల ఊపు చాలు."

బావ తల ఊపలేదు. పెదాలు కూడదీసుకున్నాడు. మెడ నరం ఉబ్బింది. అక్క మాట అందివ్వబోయి ఆగిపోయింది.

"ఇ... వ్వను," అన్నాడు. కాసేపటికి, "చేను ఇవ్వను."

జయరావు గారు లేచి, చొక్కా వెనక తడిసిపోతే లాక్కుని, "గిన్నె రేపు పంపించమ్మా, మా ఆవిడదది," అని వెళ్ళిపోయాడు.

అక్క కళ్ళు తుడుచుకోవడం గానీ, ఇంకేదైనా గానీ చెయ్యలేదు. తలగుడ్డ చుట్టుకుంది, చెప్పులేసుకుంది, వాకిట్లో బుట్ట అందుకుంది.

"ఫోను పనిచెయ్యటం లేదు గదమ్మా," అంది షాజాదీ.

"అరుస్తాడులే. ఎవరో ఒకరు వచ్చి చెప్తారు," అని వీధిలోకి దిగింది.

షాజాదీ పెట్టె మూత విప్పి, నేర్పినవన్నీ తుడిచెయ్యడానికి కూర్చుని, "మొత్తం మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. మళ్ళీ పది రోజులకి గొంతు మారిద్ది, మళ్ళీ నేర్పాలి. ఎన్నిసార్లని!" అని గొణిగి, తల నొప్పిగా ఉందని టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి పోయింది.

గదిలో నేనూ బావా మిగిలాం. ఉక్కగా ఉంది. బావ మైకుని పక్కకి నెట్టేట్టు ఊదాడు.

"ఒరేయ్ బుడానూ."

నా పేరు. అన్నాళ్ళకి.

"ఏంది బావా?"

"ఫ్యాను... వెయ్యరా."

"పెట్టెకి చెప్పు. ఇంత ఖర్చుపెట్టి పెట్టింది దేనికి?"

"అది... వినదు. నువ్వు వేసి చావు."

లేచి వెళ్ళి స్విచ్చి నొక్కాను.